ఛాయాముద్రణ యుగపు శీర్షికాక్షరములు: నామ కర్తృ కాల నిర్ణయ పద్ధతి

అచ్చు చరిత్రను వ్రాయువారు సీసపు టైపుల కాలమును గూర్చి విస్తారముగను, కంప్యూటరు కాలమును గూర్చి ఉత్సాహముగను వ్రాయుదురు. ఈ రెంటి నడుమ, అక్షరమును లోహమున పోతపోయుట మాని వెలుతురుతో ఫిల్ముపై కెక్కించిన కొన్ని దశాబ్దముల కాలము వారి గ్రంథములలో ఒక వంతెనగ మాత్రమే కనబడును. వంతెనను దాటువారు దాని స్తంభములను చూడరు గదా. అమెరికా, ఇంగ్లండు దేశములలో 1960, 1970 దశకముల ప్రకటనలపైనను, పాటల రికార్డుల అట్టలపైనను, నవలల ముఖపత్రములపైనను వెలసిన శీర్షికాక్షరములు వందలు కావు, వేలు. నేడు వానిలో ఒకదానిని చూపి దీని పేరేమి, చేసినవారెవరు, ఎప్పటిది అని అడిగినచో వెంటనే ఒక పేరు చెప్పువారు పెక్కుమంది యున్నారు. ఆ పేరు ఏ ప్రమాణముపై నిలిచినదో చెప్పువారు మాత్రము అరుదు. పేరు, కర్త, కాలము అను మూడును వేరు వేరు ప్రశ్నలనియు, ఒకదాని సమాధానము రెండవదానికి సాక్ష్యము కాదనియు మా అభిప్రాయము. దానిని ఒక ఉదాహరణ మూలమున నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

తెలుగు శాఖలవారికి ఈ చర్చ యెందుకని కొందరనవచ్చును. ప్రతి విలేఖన దోషములను బట్టి తాళపత్రప్రతులకు వంశవృక్షము నిర్మించుట, చాటువులకు కర్తృత్వము నిర్ణయించుట మన శాఖలలో నిత్యము జరుగు పని. ఆ పనిముట్లే యిక్కడను పనికివచ్చుచున్నవి. అంతకు మించిన సమర్థనము అవసరము లేదని తలంతుము.

ముందుగ ఒక విభజన చేసికొనవలెను. గ్రంథపాఠమును వెలుతురుతో కూర్చు యంత్రములు వేరు, శీర్షికలను కూర్చు సాధనములు వేరు. ఇగోనే, మొయిరూ అను ఫ్రెంచి యింజనీర్ల యంత్రముతో కూర్చిన మొదటి గ్రంథము 1953లో అమెరికాలో వెలువడెను. కాని శీర్షికాక్షరముల చరిత్ర అంతకుముందే, 1936లో ఎడ్వర్డు రాంథేలరు, హెరాల్డు హార్మన్‌లు న్యూయార్కులో ఫోటో-లెటరింగు సంస్థను నెలకొల్పుటతో ఆరంభమైనది. 1960లలో విజువల్ గ్రాఫిక్స్ కార్పొరేషన్ వారి ఫోటో టైపోసిటరు ఈ పనిని పెద్ద సంస్థల చేతినుండి చిన్న కార్ఖానాల బల్లమీదికి తెచ్చెను. 1959లో లండనులో స్థాపితమైన లెట్రాసెట్ సంస్థ 1961 నాటికి, తడి అవసరము లేక, రుద్దినంతనే కాగితమునకు అంటుకొను అక్షరపు షీట్లను అమ్మసాగెను. ఇది ఛాయాముద్రణము కాదు. కాని రెండును ఒకే కాలమున, ఒకే చిత్రకారుని బల్లపై, ఒకే అవసరమునకై యుండినవి. కావున వానిని కలిపియే విచారింపవలసియున్నది.

లోహము పోయి వెలుతురు వచ్చుటచే సాక్ష్యముయొక్క స్వభావమే మారిపోయినది. సీసపు టైపునకు ఒక దిమ్మె కలదు. దిమ్మెను దాటి అక్షరము ప్రక్క అక్షరముమీదికి పోజాలదు. పోవలెనన్న దిమ్మెను కోయవలసియుండును. అంతేకాక ఒక్కొక్క పరిమాణమునకు ఒక్కొక్క అచ్చు వేరుగ చెక్కబడును. చిన్న అక్షరము కొంచెము వెడల్పుగను, పెద్ద అక్షరము కొంచెము సన్నగను ఉండుట అందువలననే. ఫిల్మునకు దిమ్మె లేదు. ఒకే నెగటివునుండి చిన్నదియు, పెద్దదియు, గోడపత్రికకు సరిపడు బ్రహ్మాండమైనదియు తీయవచ్చును. అక్షరములు ఒండొంటిని రాసికొనునంత దగ్గరగ, కావలసినచో ఒకదానిపై నొకటి యెక్కునట్లు కూర్చవచ్చును. ఆ కాలపు ఆంగ్ల శీర్షికలలో ఊపిరాడనంత యిరుకుగ కనబడు కూర్పు రుచిమార్పు మాత్రమే కాదు. అంతకుముందు కష్టసాధ్యమైన పని సులభము కాగానే అందరును దానిని చేసి చూచిరి.

ఇక కటకము సంగతి. కటకమును మార్చి అదే అక్షరమును వాల్చవచ్చును, నొక్కవచ్చును, సాగదీయవచ్చును, వంపు తిప్పవచ్చును. నిర్ణయపద్ధతికి దీని ఫలితము చాల పెద్దది. సీసపు యుగమున పరిశోధకుడు కొలబద్ద పట్టుకొని ఎత్తునకు వెడల్పునకు గల నిష్పత్తిని కొలుచుట న్యాయమే. ఛాయాయుగమున ఆ నిష్పత్తి సాక్షి కాదు. అది కూర్చినవాని యిష్టము. వాలుట కూడ సాక్షి కాదు. సాక్ష్యముగ మిగులునవి నిర్మాణవిశేషములు మాత్రమే: ఏ గీత యెక్కడ మొదలై ఏ గీతను కలియుచున్నది, లోపలి ఖాళీ మూసికొన్నదా తెరచికొన్నదా, ఆంగ్లపు ‘ఆర్’ కాలు పొట్టనుండి బయలుదేరినదా నిలువుగీతనుండి బయలుదేరినదా అనునవి. వీనిని కటకము మార్చజాలదు. మూలలను గూర్చి కొంచెము జాగ్రత్త అవసరము. వెలుతురు మూలలయందు వ్యాపించి వానిని మొద్దుబార్చును గనుక, గుండ్రని మూలను చూచి ఇది గుండ్రని మూలల అక్షరమేయని తీర్మానించరాదు. అదే శీర్షికలో వాడిగ నిలిచిన మూల ఒక్కటియైన కనబడునేమో వెదకవలెను.

రుద్దుడు అక్షరములకు వేరు గుర్తులు కలవు. రుద్దునప్పుడు సన్నని పొర బీటవారును. నల్లని అక్షరములో వెండ్రుకవంటి తెల్లని గీతలు ఏర్పడును. చేతితో ఒక్కొక్క అక్షరమును దించుటచే పాదరేఖ కొంచెము ఎగుడుదిగుడగును. ఒక షీటులో ఒక్కొక్క అక్షరము కొన్ని మాత్రమే యుండును. అవి అయిపోయినప్పుడు ‘ఇ’ అడుగుగీతను గోకివేసి ‘ఎఫ్’ చేసికొనుటయు కలదు. అట్టి ‘ఎఫ్’ కనబడినచో పరిశోధకుడు సంతోషింపవలెను. దోషమే ప్రతికి చిరునామా యను సూత్రము మన పరిష్కర్తలకు క్రొత్తది కాదు.

ఇక పేరును గూర్చి. వేమన మకుటము గల పద్యమెల్ల వేమనది కాదని మనకు తెలియును. మకుటము ఎవరైన తగిలింపదగినది, తగిలించిరి కూడ. ఛాయాక్షరముల పేళ్ళ సంగతి దీనికి విపర్యయముగ నున్నది. అక్కడ ఒకరి రచననుండి మకుటమును ఊడబీకి మరియొక మకుటమును తగిలించిరి. హెర్మన్ సాఫ్ రూపొందించిన ఆప్టిమా యను అక్షరము 1958లో వెలువడినది. అదే రూపము కాంపుగ్రాఫిక్ యంత్రములపై ఒరాకిల్ అను పేరను, తరువాతి కాలమున బిట్‌స్ట్రీమ్ వారి సంపుటిలో సాఫ్ హ్యూమనిస్ట్ అను పేరను చలామణియైనది. హెల్వెటికా కాంపుగ్రాఫిక్ వారియొద్దనే హేలియోస్ అయినది. కారణము చట్టము. అమెరికాలో అక్షరముయొక్క పేరును వ్యాపారచిహ్నముగ కాపాడుకొనవచ్చునుగాని, రూపమునకు గ్రంథస్వామ్యము లేదు. సాఫ్ చేసిన ఓరియన్ అను అక్షరమునకు గ్రంథస్వామ్యపు నమోదు కోరిన ఎల్‌ట్రా సంస్థ అభ్యర్థనను ఆ కార్యాలయము నిరాకరింపగా, 1978లో అప్పీలు న్యాయస్థానము ఆ నిరాకరణమునే సమర్థించెను. 1973లో వియన్నాలో అక్షరరూపముల రక్షణకై కుదిరిన అంతర్జాతీయ ఒప్పందము నేటివరకును అమలునకు రానేలేదు. రూపము ఊరుమ్మడి సొత్తు, పేరు మాత్రము సొంత ఆస్తి. ఇట్టి లోకమున ఒక రూపమునకు అయిదారు పేళ్ళుండుట వింత కాదు. ఒక రూపముయొక్క ‘అసలు పేరు’ను కనుగొంటినని చెప్పువాడు తనకు దొరికిన కేటలాగు పేరును చెప్పుచున్నాడు. అంతకు మించి కాదు.

న్యాయముగ చెప్పవలెనన్న ఫోటో-లెటరింగువారి పద్ధతి దీనికంటె మేలైనది. వారు అక్షరముపేరునకు ముందు కర్త యింటిపేరును చేర్చుచుండిరి. డేవ్ వెస్ట్, ఎడ్ బెంగియాట్, మిల్టన్ గ్లేజరు వంటివారి పేళ్ళు అట్లు నిలిచినవి. మెక్సికో నగరమున చేతితో వ్రాసిన యొక ప్రకటనపలకను చూచి గ్లేజరు రూపొందించిన బేబీ టీత్ అక్షరము ఇందుకొక మంచి నిదర్శనము. కర్తను మరువరాదను ధర్మబుద్ధియో, కర్తపేరు అమ్ముడుపోవునను వ్యాపారబుద్ధియో, ఏదైనను ఫలితము చరిత్రకు ఉపకరించినది. ఆ పలకను వ్రాసిన మెక్సికో చేతికి మాత్రము పేరు దక్కలేదు.

ఇప్పుడు ఉదాహరణకు వత్తము. బ్యాంకు చెక్కు అడుగున నల్లని సిరాతో ముద్రితమైన వింత అంకెలను పాఠకులందరును చూచియే యుందురు. కొన్ని అంకెలలో గీత ఒకచోట సన్నగ నడిచి, హఠాత్తుగ వాచినట్లు లావగును. దీని పేరు ఇ-13బి. 1950లలో అమెరికా బ్యాంకుల చెక్కులను యంత్రముచే చదివించుటకై ఇది రూపొందినది. 1980లలో మన దేశమునకును వచ్చినది. నేటికిని మన చెక్కులపై నున్నది. ఈ పేరులో ఇ యనగా విచారింపబడిన అయిదవ నమూనా, 13 యనగా దాని నిర్మాణమునకు ఆధారమైన 0.013 అంగుళపు గడి, బి యనగా రెండవ సవరణము. ఆ వాపులు అందమునకు వచ్చినవి కావు. సిరాలో అయస్కాంత ద్రవ్యము కలదు. అంకె యంత్రపు తల క్రిందుగ పోవునప్పుడు, ఎక్కడ ఎంత సిరా యున్నదో దానినిబట్టి విద్యుత్తరంగము లేచి పడును. ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క తరంగము రావలెను. అందుకే ఆ వాపులు. కన్నులేని పాఠకునికై చేసిన లిపి యిది.

ఈ లిపిలో పది అంకెలును, నాలుగు గుర్తులును తప్ప మరేమియు లేవు. అక్షరములు లేనేలేవు. ఈ విషయమును మరచుటచేతనే తరువాతి గందరగోళమంతయు పుట్టినది. 1960లలో కంప్యూటరు, అంతరిక్షము, భవిష్యత్తు అను భావములను ఒక్క చూపులో స్ఫురింపజేయు శీర్షికలు కావలసివచ్చినవి. చిత్రకారులు చెక్కులోని అంకెలను చూచి, వానినుండి ఇరువదియారు అక్షరములను ఊహించిరి. లియో మాగ్స్ చేసిన వెస్ట్‌మినిస్టరు, జేమ్స్ మూర్ చేసిన మూర్ కంప్యూటరు (1968), బాబ్ న్యూమన్ లెట్రాసెట్‌కై చేసిన డేటా 70 (1970) ఈ వంశమునకు చెందినవి. స్టాన్ డేవిస్ చేసిన అమీలియా, కోలిన్ బ్రిగ్నాల్ 1965లో చేసిన కౌంట్‌డౌన్ అనునవి దూరపు చుట్టములు. మొదటిదాని లోపలి ఖాళీలు నీటిబొట్లవలె నుండును. రెండవది వాపులకంటె బలమైన పలకలపై ఆధారపడినది. ఈ అయిదింటిని కలిపి ‘కంప్యూటరు అక్షరము’ అని ఒక్క మాటలో తేల్చివేయుట నేడు పరిపాటి. అట్లు తేల్చుట రామాయణములన్నియు ఒకటేయనుట వంటిది.

వెస్ట్‌మినిస్టరు కథ తెలియదగినది. 1960ల నడుమ మాగ్స్ లండనులో ఒక ముద్రణసంస్థ చిత్రశాలయందు పనిచేయుచుండగా, కోవెంట్ గార్డెన్ సంగీతనాటకశాల అభిమానుల పత్రికలో ఒక వ్యాసమునకు భవిష్యత్తును తలపించు శీర్షిక కావలసివచ్చెను. చెక్కులోని అంకెల పోలికతో ఆ కొలది అక్షరములను వ్రాసి, తరువాత మిగిలిన వర్ణమాలను పూర్తిచేసెను. అక్షరముల వెడల్పులకు గిల్ సాన్స్‌ను ఒరవడిగ తీసికొనెను. లెట్రాసెట్ దీనిని నిరాకరించగా, ఫోటోస్క్రిప్ట్ సంస్థ నడుపుచున్న రాబర్ట్ నార్టన్ స్వీకరించి ఒక బ్యాంకు పేరుతో దానికి నామకరణము చేసెను. తరువాతి కాలమున ఇది మైక్రోసాఫ్ట్ వారి సరకుతో కలసి లోకమంతట వ్యాపించినది.

వెస్ట్‌మినిస్టరునకును డేటా 70కిని పోలికను చూచి, ముందుదానినుండి వెనుకది పుట్టినదని చెప్పువారు కలరు. ఇక్కడ మన పాఠపరిష్కరణ సూత్రమును నిలుపవలెను. రెండు ప్రతులలో సమానముగ కనబడు పాఠము వాని ఉమ్మడి మాతృకలో ఉన్నచో, ఆ సామ్యము వానికి పరస్పర సంబంధమును నిరూపింపదు. ఇద్దరును తల్లినుండియే తెచ్చుకొని యుండవచ్చును. మాతృకలో లేని పాఠము రెంటిలోను కనబడినప్పుడే సంబంధము శంకింపదగినది. ఇ-13బిలో అంకెలు కలవు. కావున ఈ అక్షరముల అంకెలలోని సామ్యము సాక్ష్యముగ పనికిరాదు. అంతేకాదు. ‘ఓ’ సున్న వంటిది, ‘ఎస్’ అయిదు వంటిది, ‘బి’ ఎనిమిది వంటిది, ‘జెడ్’ రెండు వంటిది, ‘ఐ’ ఒకటి వంటిది. వీనిని ఏ చిత్రకారుడైనను అంకెలనుండి సులభముగ ఊహింపగలడు. ఇద్దరి ఊహ ఒకటే కావచ్చును. ఈ అయిదు అక్షరములును బలహీనసాక్షులే. అంకెలలో పోలిక లేని ‘ఎమ్’, ‘డబ్ల్యూ’, ‘కె’, ‘ఆర్’, ‘ఎక్స్’ అనునవి బలమైన సాక్షులు. వాపును ‘ఎమ్’ యొక్క ఏ కాలికి పెట్టవలెనో ఇ-13బి చెప్పదు. ‘కె’ యొక్క ఏ చేయి లావు కావలెనో చెప్పదు. అక్కడ కర్త తన బుద్ధితో నిర్ణయింపక తప్పదు. ఆ నిర్ణయమే అతని సంతకము.

ఈ దృష్టితో చూచినప్పుడు భేదము స్పష్టమగును. వెస్ట్‌మినిస్టరులో ఒక్కొక్క అక్షరము తన సహజమైన వెడల్పును నిలుపుకొన్నది. వాపులను తీసివేసినట్లు ఊహించినచో లోపల ఒక చక్కని మామూలు అక్షరము నిలిచియుండును. మనిషికి యంత్రపు వేషము వేసినట్లున్నది. డేటా 70 అట్లు కాదు. అందు అక్షరములన్నియు ఒకే పెట్టెలో ఇముడవలెనను పట్టుదల కలదు. చెక్కుపై అంకెలన్నియు అంగుళమునకు ఎనిమిది చొప్పున సమానదూరమున నిలుచు పద్ధతికి అది దగ్గర. న్యూమన్ చూపు వేషముపై కాదు, యంత్రముపైననే యున్నది. విశ్వాసపాత్రత కోరువారికి డేటా 70 నచ్చును. ఒక మాటకు మించి చదువవలసివచ్చినప్పుడు వెస్ట్‌మినిస్టరే మేలని మా తీర్పు. పొడవైన శీర్షికలో డేటా 70 ఇనుపకంచెవలె కన్నునకు అడ్డుపడును. ఒకదానికొకటి ఋణపడినవని చెప్పుటకు మాత్రము బలమైన సాక్షులలో ఆధారము చాలదు. ఒక తల్లికి పుట్టి, వేరు వేరు ఇండ్ల పెరిగినవని చెప్పుట న్యాయము.

ఇంకొక సంగతి వీనిని చూచువారు గమనింపరు. యంత్రము చదువుటకై పుట్టిన రూపమును అనుకరించిన ఈ అక్షరములలో ఒక్కదానినైనను ఆ యంత్రము చదువజాలదు. మనుష్యుడు చదువుటకై ఇవి మామూలు అక్షరముకంటె కష్టతరములు. ప్రయోజనము పోయి వాసన మాత్రము మిగిలిన రూపమును అలంకారమందుము గదా.

కాలనిర్ణయమునందు తప్పటడుగులు మరింత తరచు. ఒక అట్టపై డేటా 70 కనబడినచో ఆ అట్ట 1970కి పూర్వపుది కాదని చెప్పవచ్చును. అంతే. అది పూర్వావధి మాత్రమే. ఉత్తరావధిని అక్షరము చెప్పదు, కూర్పు చెప్పును. బీటల గీతలుండినచో రుద్దుడు షీటు పని. 1980ల చివరకు కంప్యూటరు కూర్పు వ్యాపించుటతో ఆ షీట్ల వాడుక తగ్గినది. అక్షరములు రాసికొనునట్లున్నచో వెలుతురు పని యని ఊహింపవచ్చును. కాని నేటి కంప్యూటరుపై ఆ పాత యిరుకుదనమును బుద్ధిపూర్వకముగ అనుకరించువారు కలరు గనుక ఇది ఒంటరిగ నిలువదు. పాతరూపముల పునరుద్ధరణము ఇంకొక ఉచ్చు. ఆర్నల్డ్ బోక్లిన్ 1904 నాటి జర్మను అక్షరము, కూపర్ బ్లాక్ 1922 నాటి అమెరికా అక్షరము. ఇవి రెండును 1960లలో మరల తలయెత్తినవి. 1966లో వెలువడిన బీచ్ బాయ్స్ వారి పెట్ సౌండ్స్ రికార్డు అట్టపై నున్నది కూపర్ బ్లాకే. అక్షరముపేరు తెలిసినంతమాత్రమున ఆ అట్టను 1922 ప్రాంతమునకు నెట్టునంత అమాయకుడు లేకపోవచ్చును. తక్కువ ప్రసిద్ధములైన అట్టల విషయమున సరిగ అట్టి వాదమే విద్వాంసులు చేయుచుండుటను మేమెరుగుదుము.

నేడు బొమ్మను చూపినంతనే అక్షరముపేరు చెప్పు యంత్రములు వచ్చినవి. అవి మంచి పరిచారకులు. కాని వాని జ్ఞాపకమున నున్నవి ప్రాయికముగ కంప్యూటరు ఫాంట్లు. ఛాయాక్షరముల ఫాంట్లలో పెక్కు కేటలాగు పుటలనుండియు, పాత షీట్లనుండియు తిరిగి గీసినవి. గీసినవారు తమ రుచికొలది సవరించిరి, లేని అక్షరములను చేర్చిరి, పేరు మార్చిరి. 1968 నాటి అట్టను చూపగా యంత్రము ఆ అట్టకంటె ముప్పదియేండ్లు చిన్నదియైన ఒక ప్రతిపేరును చెప్పుచున్నది. శుద్ధప్రతిని చూపి మాతృకకు పేరు పెట్టినట్లయినది. యంత్రము చెప్పిన పేరును చివరి తెగగ గ్రహించి, అక్కడనుండి వెనుకకు నడువవలెను: ఫాంటునుండి షీటునకు, షీటునుండి కేటలాగునకు, కేటలాగునుండి కర్తకు.

ఆ వెనుకకు నడచు దారిలో ముఖ్యమైన మెట్టు కేటలాగులే. ఫోటో-లెటరింగువారి బృహత్కోశము 1960, 1965, 1971 సంవత్సరములలో మూడు సంపుటములుగ వెలువడినది. ఆ సంస్థ ఆస్తిని 2003లో హౌస్ ఇండస్ట్రీస్ అను అక్షరశాల కొనెను. చిన్న కార్ఖానాల కేటలాగులకు ఇట్టి రక్షణ దొరకలేదు. అవి అంగడి కాగితములు, ధర మారినప్పుడు పారవేయబడినవి. గ్రంథాలయములు వానిని గ్రంథములుగ లెక్కింపకపోవుటచే దొరికినవి సైతము ప్రకటన కరపత్రముల కట్టలలో పేరు లేక పడియున్నవి. ఆ కట్టలను విప్పి, పుటలను అక్షరరూపముల ననుసరించి సూచికలుగ చేయువరకు పైన చెప్పిన బలమైన సాక్షులు అయిదింటిని ఒక్కొక్క అక్షరమునకును పట్టికగ వ్రాసికొని పోల్చుటయే పరిశోధకునికి చేతిలోనున్న మార్గము. అందును ‘ఎమ్’తో మొదలుపెట్టుట మంచిది.